ఏడేళ్ళ బాబు, నాలుగేళ్ళ పాప, నానమ్మ… అందరూ కలిసి ఆడే ఒక్క బోర్డ్ గేమ్ ఏది?

ప్రశ్న: నమస్తే అండి. మాకు ఇద్దరు పిల్లలు, బాబుకి ఏడేళ్ళు, పాపకి నాలుగేళ్ళు. రాత్రిపూట కాసేపు టీవీ, ఫోన్లు పక్కన పెట్టి అందరం కలిసి ఏదైనా ఆడదామని మొదలుపెట్టాం, మా అత్తగారు కూడా ఉత్సాహంగా వచ్చి కూర్చుంటున్నారు. కానీ పాములు నిచ్చెనలు తీస్తే బాబుకి బోర్, కొంచెం పెద్ద గేమ్ తీస్తే పాపకి అర్థం కాక మధ్యలో లేచిపోతుంది, ఓడిపోతే ఒకటే ఏడుపు. నేను కావాలని ఓడిపోతుంటే మావారు అలా అలవాటు చెయ్యొద్దు అంటారు. పాతకాలం నుంచి ఉన్న సింపుల్ ఆట ఒక్కటి చెప్పండి, అందరికీ సరిపోయేది. ఫోన్లో లూడో ఉండనే ఉంది కదా, మళ్ళీ బోర్డు కొనాలా అని కూడా ఒక డౌట్.

సమాధానం: నమస్తే అమ్మా. ముందు సూటిగా చెప్పేస్తాను, మీ ఇంటికి లూడో. బోర్డు మీద ఆడే లూడోనే, కాకపోతే నాలుగు కాయలతో వద్దు, ఒక్కొక్కరికి రెండే కాయలు. రూల్స్ కూడా ఒకటి రెండు మార్చుకోవాలి, అవి కింద వివరంగా రాస్తాను. మీ దగ్గరున్న పాములు నిచ్చెనలు పారేయకండి, దానికి వేరే పని ఉంది.

లూడోనే ఎందుకంటే, మీ సమస్య నిజానికి ఆట కష్టమా సులువా అన్నది కాదండి, అందులో అదృష్టం ఎంత, సొంత తెలివి ఎంత అన్నది. మొత్తం అదృష్టమే అయితే నాలుగేళ్ళ పిల్ల సంతోషంగా ఆడుతుంది, ఎందుకంటే నానమ్మని కూడా ఓడించగలదు, కానీ ఏడేళ్ళవాడికి తను చేసేదేమీ లేదని రెండో రోజుకే తెలిసిపోతుంది. మొత్తం తెలివే అయితే, చెస్ లాగా, చెకర్స్ లాగా, అప్పుడు పెద్దవాళ్ళే గెలుస్తారు, లేదంటే మీరు చేస్తున్నట్టు కావాలని ఓడిపోవాలి, చిన్నది మాత్రం ఆటలో అరటిపండు అయిపోతుంది, పేరుకి ఆడుతున్నట్టే గానీ దాని ఎత్తుకి విలువ ఉండదు. పిల్లలకి ఇది తెలియదు అనుకుంటాం గానీ బాగా తెలుస్తుంది, అందుకే లేచిపోతారు. రెండూ కలిసిన ఆట కావాలి, డైస్ పడటం అదృష్టం, పడ్డాక ఏ కాయ జరపాలన్నది మన ఇష్టం. లూడోలో సరిగ్గా అదే ఉంది. పాపకి ఒక కాయ మాత్రమే బయట ఉంటే ఆలోచించే పనే లేదు, జరుపుకుంటూ పోతుంది. బాబుకి రెండు కాయలు బయట ఉంటే ప్రతి టర్న్‌కీ ఒక చిన్న లెక్క, వెనకున్న దాన్ని కాపాడుకోవాలా, ముందున్న దాన్ని ఇంటికి చేర్చాలా, నానమ్మ కాయని చంపాలా అని. ఒకే బోర్డు మీద ఇద్దరూ తమ తమ వయసు ఆట ఆడుకుంటారు.

ఇప్పుడు పాములు నిచ్చెనల సంగతి. మీ బాబుకి బోర్ కొట్టడం చాలా న్యాయం అండి, వాడిని తప్పు పట్టకండి. ఆ ఆటలో ఆడేవాడు తీసుకునే నిర్ణయం ఒక్కటి కూడా లేదు, డైస్ వెయ్యడం, లెక్కపెట్టడం, పాము మింగితే దిగడం, అంతే. మన వైకుంఠపాళి అసలు ఉద్దేశం కూడా అదే అనుకోండి, మంచి పనికి నిచ్చెన, చెడ్డ పనికి పాము, మనిషి చేతిలో లేనిది చాలా ఉందని చెప్పే బోర్డు అది, 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లాండ్ వెళ్ళి పిల్లల ఆటగా మారింది. పైగా చాలాసేపు సాగుతుంది, 100 గళ్ళ మామూలు బోర్డు మీద ఒక మనిషి చివరికి చేరడానికి సగటున దాదాపు 40 సార్లు వెయ్యాల్సొస్తుంది, పాములు నిచ్చెనలు ఎక్కడున్నాయన్న దాన్ని బట్టి అటూ ఇటూ అవుతుంది. నలుగురు కూర్చుంటే చూస్కోండి మరి.

కానీ పాపకి మాత్రం అది బంగారం లాంటి బోర్డు, ఒక చిన్న పద్ధతి పాటిస్తే. అమెరికాలో గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అని ఇద్దరు పరిశోధకులు 2008లో స్కూల్ వయసు రాని పిల్లలతో చాలా సింపుల్ బోర్డ్ గేమ్ ఆడించారు, ఒకటి నుంచి పది దాకా అంకెలు వరసగా రాసిన గళ్ళు, అంతే. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి ఓ 15 నిమిషాలు. అంత కొద్దిపాటి ఆటకే ఆ పిల్లలకి అంకెలు గుర్తుపట్టడం, ఏది పెద్ద ఏది చిన్న చెప్పడం మెరుగుపడింది, కొన్ని వారాల తర్వాత చూసినా అది నిలబడింది. అదే బోర్డు మీద అంకెల బదులు రంగులు పెట్టి ఆడిన పిల్లలకి ఆ లాభం రాలేదు. ఇందులో కిటుకు లెక్కపెట్టే తీరులో ఉంది. పాప 5వ గడిలో ఉంది, రెండు పడింది అనుకోండి, మామూలుగా మనం "ఒకటి, రెండు" అని జరిపిస్తాం. అలా కాకుండా గడిలో ఉన్న అంకె చదువుతూ "ఆరు, ఏడు" అని జరిపించాలి. సీగ్లర్ తర్వాత ఇంకొకరితో కలిసి 100 అంకెల బోర్డు మీద చేసిన ప్రయోగంలో కూడా ఇలా ముందుకి కొనసాగించి లెక్కపెట్టిన పిల్లలే బాగా నేర్చుకున్నారు, ప్రతిసారీ ఒకటి నుంచి మొదలుపెట్టినవాళ్ళకి అంత ఉపయోగం కనిపించలేదు. ఖర్చు లేని పని కదండీ, నోటితో అనే మాట మారిస్తే చాలు. మొదట్లో పాప తడబడుతుంది, మీరు కూడా తనతో పాటు వేలు పెట్టి చదవండి.

ఒక ఇబ్బంది మాత్రం ఉంది. ఈ బోర్డులో ఒక వరస ఎడమ నుంచి కుడికి పోతే పై వరస కుడి నుంచి ఎడమకి వస్తుంది, చిన్నపిల్లలు ఇక్కడే తికమకపడి వెనక్కి జరిపేస్తారు, అప్పుడు పెద్దవాడు "తొండి, తొండి" అని అరుస్తాడు, గొడవ అక్కడ మొదలు. పాపతో ఆడేటప్పుడు కింద మూడు వరసలే ఆడండి, 30కి చేరితే గెలిచినట్టు. వరస మారే మూల దగ్గర పెన్సిల్‌తో ఒక బాణం గుర్తు పెట్టేయండి. 30 దాటించే నిచ్చెనకి కాయ తగిలితే గెలిచినట్టే అని ముందే ఒప్పుకోండి. ఇది పగటి పూట మీరు, పాప ఇద్దరే, లేదా అత్తగారు పాప ఇద్దరే ఆడుకునే ఆట. రాత్రి అందరూ కూర్చునే టైమ్‌కి దీన్ని తేవద్దు.

సరే, లూడోకి వద్దాం. మామూలు రూల్స్‌తో లూడో ఎందుకు వద్దంటున్నానో ఒక్కసారి లెక్క చూడండి. ఒక కాయ బయటికి వచ్చిన దగ్గర నుంచి పండే దాకా దాదాపు 56 గళ్ళు నడవాలి. నాలుగు కాయలంటే 224. డైస్ సగటున 3.5 ఇస్తుంది, ఆరు పడితే మళ్ళీ వేసుకోవడం కూడా కలిపినా టర్న్‌కి నాలుగు చిల్లర. అంటే ఎవరూ ఎవరినీ చంపకుండా, ఒక్క టర్న్ వేస్ట్ అవ్వకుండా ఆడినా ఒక్కొక్కరికి 50కి పైగా టర్న్‌లు, నలుగురికి కలిపి 200 దాటుతాయి, పైగా చంపుకోవడాలు, ఆరు కోసం ఎదురుచూడటాలు. నాలుగేళ్ళ పిల్ల అంతసేపు కూర్చోలేదు, కూర్చోకపోవడం తన తప్పూ కాదు. రెండు కాయలు చేస్తే ఇదంతా సగం అవుతుంది, అరగంట లోపే తేలిపోతుంది. పాప దానికి కూడా ఆగలేకపోతే తనకి ఒకే కాయ ఇవ్వండి, లేదా అందరికీ మొదటి కాయ పండగానే ఆట అయిపోయినట్టు పెట్టుకోండి.

రెండో మార్పు, ఆరు పడితేనే కాయ బయటికి రావాలన్న రూల్. ఇది పిల్లల్ని ఎంత ఏడిపిస్తుందో చెప్పలేను. అయిదు టర్న్‌లు వేసినా ఒక్క ఆరు కూడా పడకపోవడానికి 40 శాతం ఛాన్స్ ఉంది, అంటే నలుగురు కూర్చుంటే ఒకరో ఇద్దరో ఆట మొదలైనా చాలాసేపు ఊరికే చూస్తూ కూర్చుంటారు. ఆ ఒక్కరు మీ పాప అయిన రోజు ఆట అక్కడితో అయిపోయినట్టే. ఒకటి పడినా, ఆరు పడినా కాయ దిగొచ్చు అని పెట్టుకోండి, అప్పుడు అదే ఛాన్స్ 13 శాతానికి పడిపోతుంది. ఇంకా సులువు కావాలంటే అందరికీ ఒక కాయ మొదటే బయట పెట్టి ఆట మొదలెట్టండి, నాకైతే ఇదే ఇష్టం, కూర్చోగానే అందరి చేతిలో పని ఉంటుంది.

ఇక చంపడం. లూడోలో ఏడుపు వచ్చేది ఓడిపోయినప్పటికంటే కాయ చచ్చినప్పుడే ఎక్కువ. ఇంటి దగ్గర దాకా వచ్చిన కాయని అన్నయ్య చంపేస్తే పాపకి అది చాలా పెద్ద దెబ్బ. చంపడం పూర్తిగా తీసేద్దామా అంటే వద్దండి, అది తీసేస్తే బాబుకి మళ్ళీ ఆలోచించే పని పోతుంది, ఆట మళ్ళీ పాములు నిచ్చెనల దగ్గరికే వస్తుంది. దానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, చచ్చిన కాయ లోపలికి పోకుండా తన రంగు మొదటి గడిలోకి వెళ్తుంది, మళ్ళీ ఒకటో ఆరో పడాలని ఆగక్కర్లేదు, వెంటనే నడక మొదలు. రెండోది నాకు బాగా నచ్చేది, జంటలుగా ఆడటం. లూడోకి మూలమైన పచ్చీసు ఆట నలుగురు ఆడితే జంటలుగానే ఆడేవాళ్ళు, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక పార్టీ, ఇద్దరి కాయలూ పండితేనే గెలుపు. మీ ఇంట్లో పాప, బాబు ఎదురెదురుగా కూర్చుని ఒక పార్టీ అవ్వాలి, మీరు అత్తగారు ఇంకో పార్టీ, మీవారు ఉన్న రోజు మీరిద్దరూ మారి మారి ఆడండి. అన్నాచెల్లెళ్ళు ఒకే పార్టీ అయితే వాడు పాప కాయని చంపడు, చంపకూడదు కూడా, పైగా పాప కాయ ప్రమాదంలో ఉంటే తనే ముందు అరుస్తాడు. "అది కాదు, వెనక కాయ జరుపు" అని చెల్లెలికి చెప్పాలంటే తనకి ఎందుకో తెలియాలి కదా, వాడి ఆలోచన నోట్లోంచి బయటికి వస్తుంది, మీకు వినడానికి చాలా బాగుంటుంది. ఒక్క షరతు, సలహా ఇవ్వొచ్చు గానీ చెల్లి కాయ మీద చెయ్యి పెట్టకూడదు, డైస్ తను వెయ్యాలి, కాయ తనే జరపాలి. ఇది మాత్రం గట్టిగా పట్టించుకోండి, పెద్ద పిల్లలకి చిన్నవాళ్ళ తరఫున ఆడెయ్యడం క్షణంలో పని.

బాబుకి కొంచెం పదును పెట్టాలంటే మధ్యలో ఒకటి రెండు ప్రశ్నలు అడగండి, "నీ వెనక అయిదు గళ్ళ దూరంలో నానమ్మ ఉంది, నువ్వు ఉంటే సేఫా కదిలితే సేఫా" అని. డైస్ మీద ఎదురెదురు ముఖాలు కలిపితే ఎప్పుడూ ఏడే వస్తుంది, పైన నాలుగు ఉంటే కింద మూడు, అది వాడికి చెప్పకండి, కింద ఎంతుందో చూడకుండా మీరు చెప్పేస్తుంటే వాడే కనిపెడతాడు.

ఇప్పుడు మీకూ మీవారికీ మధ్య ఉన్న వాదన. ఇందులో నేను మీవారి వైపే అండి, కానీ ఆయన చెప్పే కారణం ఏదైనా నా కారణం వేరు. కావాలని ఓడిపోతే పిల్లలు చెడిపోతారని కాదు, ఏడేళ్ళవాడు అది పట్టేస్తాడు, పట్టేశాక వాడు నిజంగా గెలిచిన రోజు కూడా ఆ గెలుపుని నమ్మడు. అలాగని నాలుగేళ్ళ పిల్ల మీద పూర్తి బలంతో ఆడి రోజూ ఓడించమని కూడా కాదు. మధ్యలో మర్యాదైన దారి ఉంది, తేడాని దాచకుండా ముందే అందరి ముందూ చెప్పి పెట్టుకోవడం. "పాప చిన్నది కాబట్టి తన కాయ పది గళ్ళు ముందు నుంచి మొదలు", "నాకు మూడు కాయలు, మీకు రెండేసి", "పాపకి డైస్ నచ్చకపోతే ఒకసారి మళ్ళీ వేసుకోవచ్చు", ఇలా. చదరంగంలో బాగా ఆడేవాళ్ళు ఒక పావు తీసేసి ఆడటం పాత పద్ధతే. అలా పెట్టుకున్నాక మీరు నిజంగా ఆడండి, మనసుపెట్టి ఆడండి, గెలిస్తే గెలవండి. పాప వరసగా గెలుస్తుంటే పదిని అయిదు చెయ్యండి, అది తనకి ప్రమోషన్ లాగా అనిపిస్తుంది.

ఓడినప్పుడు ఏడవడం గురించి ఎక్కువ కంగారు పడకండి. నాలుగేళ్ళకి అది సహజం, ఉడుకుమోతు అని పేరు పెట్టడం, నవ్వడం, "నానమ్మ చూడు ఎంత బాగా ఓడిపోయిందో" అని పోల్చడం, ఇవి మాత్రం వద్దు. అత్తగారికి కూడా ముందే మెల్లగా చెప్పి ఉంచండి, పెద్దవాళ్ళు ప్రేమతోనే ఆటపట్టిస్తారు గానీ ఆ వయసుకి అది ఎగతాళి లాగే వినిపిస్తుంది. ఆట మొదలుపెట్టేటప్పుడే ఎన్ని ఆటలో చెప్పేయండి, "ఈ రోజు రెండు ఆటలు" అని. ఒక్కటే ఆట అయితే ఓడినవాళ్ళు ఓడినట్టే పడుకోవాలి, రెండుంటే ఇంకో అవకాశం ఉంటుంది. మూడోది అడిగితే రేపు. మధ్యలో లేచిపోతే వెనక్కి లాక్కొచ్చి కూర్చోబెట్టొద్దు, తన కాయల్ని నానమ్మ జరుపుతుంది, మళ్ళీ వస్తే మళ్ళీ తనవే.

రెండో ఆట ఏదైనా కొనాలనిపిస్తే మెమరీ కొనండి, అదే జతల ఆట, బొమ్మల అట్టముక్కలు బోర్లా పరిచి రెండేసి తిప్పుతూ ఒకేలాంటివి పట్టుకోవడం. ఈ పేరుతో పెట్టెలో వచ్చి 1959 నుంచి అమ్ముడుపోతున్న ఆట ఇది, పేకముక్కలతో ఆడటం అంతకంటే పాతది. దీన్ని ఎందుకు చెప్తున్నానంటే చిన్నపిల్లలు పెద్దవాళ్ళకి నిజంగా పోటీ ఇచ్చే ఆటలు చాలా తక్కువ, ఇది వాటిలో ఒకటి. మనం ఆడుతూ ఆడుతూ వేరే ఏదో ఆలోచిస్తుంటాం, వాళ్ళు మాత్రం ముక్క మీద నుంచి కన్ను తియ్యరు. మీరు పూర్తిగా మనసుపెట్టి ఆడినా పాప గెలిచే రోజులు వస్తాయి, ఓడిపోవడానికి నటించక్కర్లేదు. పెట్టెలో ఉన్న ముక్కలన్నీ ఒకేసారి పరచకండి, ఆరు జతలతో మొదలుపెట్టండి, అంటే 12 ముక్కలు, మూడు వరసల్లో నాలుగేసి. ముక్క తిప్పాక మళ్ళీ అదే చోట పెట్టాలి, ఇది ఒక్కటే పట్టుదలగా చూడాల్సిన రూల్. అలవాటయ్యాక ఎనిమిది, పది, పన్నెండు జతలు. జత దొరికితే మళ్ళీ ఇంకో ఛాన్స్ అన్న రూల్ మొదట్లో తీసేయండి, లేకపోతే బాబు ఒక్క ఊపులో నాలుగు జతలు లాగేసి పాపని కూర్చోబెట్టేస్తాడు.

గెలుపు ఓటమి గొడవే మరీ ఎక్కువైతే అందరూ ఒకవైపు ఉండే ఆటలు కూడా ఉన్నాయి. జర్మనీ నుంచి 1986లో వచ్చిన ఆర్చర్డ్ అనే ఆటలో పిల్లలందరూ కలిసి చెట్ల మీద పళ్ళన్నీ కాకి రాకముందే కోసుకోవాలి, గెలిస్తే అందరూ గెలుస్తారు, ఓడితే కాకి గెలుస్తుంది. మూడు నాలుగేళ్ళకి చాలా బాగుంటుంది. బాబుకి కొన్నాళ్ళకే తేలికైపోతుంది కాబట్టి మీకు మొదటి ఆటగా చెప్పలేదు.

ఇప్పుడే కొనవద్దు అనేవి కూడా చెప్తాను. మోనోపలీ, అదే స్థలాలు కొని అద్దెలు వసూలు చేసే ఆట, ఏడేళ్ళవాడు అడుగుతాడు, స్నేహితుల ఇంట్లో చూసి ఉంటాడు, కానీ దాని పెట్టె మీదే ఎనిమిదేళ్ళ నుంచి అని ఉంటుంది, ఒక ఆట గంట దాటి సాగుతుంది, ఓడినవాళ్ళు ముందే బయటికి పోయి మిగతావాళ్ళు ఆడుతుంటే చూస్తూ కూర్చోవాలి. నాలుగేళ్ళ పిల్ల ఉన్న ఇంటికి అది సరిపడదు. చెస్ బాబుకి మీరో మీవారో విడిగా నేర్పండి, మొదట బంట్లు మాత్రమే పెట్టి, ఎవరి బంటు ముందు అవతలి చివరికి చేరితే వాళ్ళు గెలిచినట్టు. కుటుంబం మొత్తం ఆడే ఆట కాదు అది. చైనీస్ చెకర్స్, అదే నక్షత్రం లాంటి బోర్డు మీద గోళీలు దూకిస్తూ ఎదుటి మూలకి చేర్చేది, మంచి ఆటే, పేరు ఏదైనా 1892లో జర్మనీలో పుట్టింది, ఆరుగురు దాకా కూర్చోవచ్చు, అందరూ పోతున్న దారి కళ్ళకి కనిపిస్తుంది, చంపడాలు లేవు. కానీ గోళీలు ఉంటాయి, మీ ఇంటికి మూడేళ్ళ లోపు పిల్లలు ఎవరైనా వచ్చిపోతుంటే ఇప్పుడు వద్దే వద్దు. పాపకి ఆరేళ్ళు వచ్చాక అది తీసుకోండి.

కనెక్ట్ ఫోర్ అని నిలువు స్టాండ్‌లో బిళ్ళలు వేసే ఆట ఒకటుంది, 1974 నుంచి ఉంది, ఏడు వరసలు, ఒక్కో దాంట్లో ఆరు చోట్లు, నాలుగు బిళ్ళలు లైన్‌లో వస్తే గెలుపు. ఇద్దరే ఆడాలి కాబట్టి మీరు అడిగినదానికి సరిపోదు గానీ బాబుకి, మీవారికి చాలా బాగుంటుంది. మొదట వేసేవాళ్ళు మధ్య వరసలో మొదలెట్టి తప్పు చెయ్యకుండా ఆడితే గెలుపు వాళ్ళదేనని 1988లోనే లెక్కకట్టి తేల్చారు, కాబట్టి ఎప్పుడూ బాబుకే మొదటి ఛాన్స్ ఇవ్వమనండి, పైన చెప్పిన ముందే చెప్పి ఇచ్చే వెసులుబాటు లాంటిదే ఇది కూడా.

కొనేటప్పుడు చూడాల్సినవి. పెట్టె మీద "మూడేళ్ళ లోపు పిల్లలకి కాదు" అని ఉంటే అది తెలివి గురించి కాదు, చిన్న ముక్కలు గొంతులో అడ్డుపడతాయని చెప్పే హెచ్చరిక, దాన్ని నిజంగానే పట్టించుకోవాలి. "6+" లాంటివి మాత్రం ఆట ఎంత కష్టమో చెప్పే అంచనా, ఇంట్లో పెద్దవాళ్ళు పక్కన ఉంటే కొంచెం అటూ ఇటూ పర్వాలేదు. అయస్కాంతం అంటించిన చిన్న చిన్న ట్రావెల్ బోర్డులు వద్దండి, కాయలు మరీ చిన్నవి, ఆ అయస్కాంతం ఊడొచ్చి మింగితే చాలా ప్రమాదం, రెండు మింగితే పేగుల్లో ఒకదానికొకటి అతుక్కుని ఆపరేషన్ దాకా పోతుంది. శబ్దాలు చేసే బ్యాటరీ డైస్ కూడా వద్దు, బిళ్ళ బ్యాటరీ మింగడం ఇంకా ప్రమాదం. బోర్డు పెద్దది తీసుకోండి, పాప వేళ్ళకి పక్క కాయలు పడిపోకుండా జరిపేంత గడి ఉండాలి. డైస్ పెద్దది, చుక్కలు నల్లగా స్పష్టంగా ఉన్నది, అత్తగారికి కూడా కళ్ళజోడు వెతుక్కునే పని ఉండదు. డైస్‌ని చిన్న గిన్నెలో వేయించండి, సోఫా కిందికి దొర్లిపోవడం, "అది నాలుగు కాదు అయిదు" అని గొడవలు సగం అక్కడే ఆగిపోతాయి. ఎవరికైనా ఎరుపు ఆకుపచ్చ తేడా సరిగ్గా తెలియదని అనుమానం ఉంటే ఆ రంగు కాయల మీద పెన్నుతో గుర్తు పెట్టేయండి, మగపిల్లల్లో ఇది అంత అరుదేమీ కాదు, చాలాసార్లు ఇలాంటి ఆటలోనే మొదట బయటపడుతుంది.

చివరికి ఫోన్ లూడో. ఎదురుగా ఇంకేమీ లేనప్పుడు, ప్రయాణంలో ఫర్వాలేదు. కానీ ఫోన్లో డైస్ ఫోనే వేస్తుంది, గళ్ళు ఫోనే లెక్కపెడుతుంది, కాయ దానంతటదే నడుస్తుంది, పాప చేసేది వేలితో తాకడం ఒక్కటే. నాలుగేళ్ళ పిల్లకి ఈ ఆటలో ఉన్న లాభమంతా ఆ లెక్కపెట్టి జరపడంలోనే ఉంది, అదే ఫోన్ లాగేసుకుంటుంది. ఇంకోటి, మనం రెండు కాయలు, ఒకటి పడినా దిగొచ్చు, పాప పది గళ్ళు ముందు అని పెట్టుకున్న రూల్స్ చాలా యాప్‌లు ఒప్పుకోవు, బోర్డు అయితే మనం ఏం చెప్తే అది వింటుంది. కాబట్టి బోర్డు కొనండి.

మొదటి వారం ఒక కాయతో ఆడండి, అందరికీ ఒక్కటే, పది పదిహేను నిమిషాల్లో అయిపోవాలి. పాప ఇంకో ఆట అని తనే అడగడం మొదలుపెట్టాక రెండో కాయ కలపండి, జంటలు కూడా అప్పుడే. బాబు రూల్ మారుద్దాం అంటే వినండి, ఆటకి ముందు అయితే మార్చొచ్చు, మధ్యలో కాదు, అది మీకూ మీవారికీ కూడా వర్తిస్తుంది. నాలుగు కాయల లూడో సంగతి పాపకి ఆరేళ్ళు వచ్చాక చూద్దాం.